అశ్వహృదయము – అక్షహృదయము

మహాభారతంలోని నలోపాఖ్యానం నన్నయ నాటి నుండి తెలుగు పాఠకునికి పరిచితమైనదే. జూదంలో రాజ్యాన్ని పోగొట్టుకొన్న నలుడు బాహుకుడనే మారుపేరుతో అయోధ్యాపతి ఋతుపర్ణుని కొలువులో సారథిగా కాలం గడుపుతున్నాడు. దమయంతి పునస్స్వయంవర వార్త విని రాజు విదర్భకు బయలుదేరినప్పుడు దారిలో ఒక తాండ్రచెట్టు కనిపించినది. ఆ చెట్టుకు ఆకులెన్నో, కాయలెన్నో రాజు రథం మీద నుండియే చెప్పినాడు. నలుడు దిగి లెక్కించి, లెక్క సరిపోగా అబ్బురపడినాడు. అది అక్షహృదయమనే విద్య అనీ, అది తెలిసినవానికి సంఖ్యలతో పాటు పాచికలు కూడ వశమవుతాయనీ ఋతుపర్ణుడు చెప్పినాడు. పూర్వం పాచికలుగా వాడినవి ఆ చెట్టు కాయలే. నలుడు తన అశ్వహృదయాన్ని బదులుగా ఇవ్వనొప్పుకొని అక్షహృదయాన్ని గ్రహించినాడు. గ్రహించిన వెంటనే కలి అతని దేహాన్ని విడిచిపోయినాడు.

గుర్రమును గురించిన జ్ఞానం వేరు, లెక్కను గురించిన జ్ఞానం వేరు అని ఈ కథ స్పష్టంగా చెబుతున్నది. నలుని వంటి అశ్వవేత్తకు సైతం అశ్వహృదయం జూదంలో అక్కరకు రాలేదు. సంభావ్యతా సిద్ధాంతపు చరిత్ర వ్రాసిన ఇయాన్ హాకింగ్ 1975 నాటి తన గ్రంథంలో ఈ కథను ప్రత్యేకించి పేర్కొన్నాడు. ఐరోపాలో పాస్కల్, ఫెర్మాలు జూదపు లెక్కలను గురించి లేఖలు వ్రాసుకొన్నది 1654లో. అంతకు ఎన్నో శతాబ్దాలకు ముందే భారతీయ కథకుని మనస్సులో ఈ భావన మెదలినది.

ఏ గుర్రం గెలుచునో ముందుగా చెప్పబూనినవానికి ఈ రెండు విద్యలూ కావలసినవే. పందెపు జోస్యపు చరిత్ర అంతా ఈ రెండింటి కలయికల, ఎడబాటుల చరిత్ర. దానిని పరిశీలించుటకు ఇంగ్లండులోని ఆస్కాట్ మైదానం కంటె అనువైన చోటు లేదు. అడ్డుకట్టలు దాటే పని లేకుండా చదును నేల మీద పరుగెత్తే పందెములకు అది పెట్టినది పేరు. ప్రతి సంవత్సరం జూన్ నెలలో ఐదు రోజుల పాటు రాజకుటుంబం సమక్షంలో జరిగే ఈ ఉత్సవానికి ముందు వారాల తరబడి పత్రికలలో జోస్యాలు వెలువడుతూ ఉంటాయి.

ఆస్కాట్ మైదానాన్ని నెలకొల్పినది ఆనీ రాణి. విండ్సర్ కోటకు సమీపంలోని ఆ బీడు గుర్రాల పరుగుకు తగినదని ఆమె ఎంచినది. 1711 ఆగస్టు 11న అక్కడ మొదటి పందెం జరిగినది. బహుమానం నూరు గినీలు. ఆ పందెం నేటి పందెముల వలె ఒక్క నిమిషంలోనో రెండు నిమిషాలలోనో ముగిసేది కాదు. ఒక్కొక్కటి నాలుగు మైళ్ళు చొప్పున మూడు పరుగులు ఉండేవి. అట్టి పందెములో పాల్గొన్నవి కొద్ది గుర్రాలు. వాటి యజమానులు ఒకరినొకరు ఎరిగినవారు. పందెం కాసేవాడు గుర్రాన్ని లాయములోనే చూచి, దాని ఛాతీని, కాళ్ళను, శ్వాసను పరీక్షించి తన మనస్సులో ఒక నిర్ణయానికి వచ్చేవాడు. పణం ఇద్దరు పెద్దమనుషుల మధ్య నోటిమాటగా సాగేది. ఆ రోజులలో జోస్యమంటే అశ్వహృదయమే.

ఈ స్థితిని మొదట మార్చినది అచ్చుయంత్రం. 1727లో జాన్ చీనీ అనే ఆయన ఆ సంవత్సరం ఇంగ్లండులో జరిగిన పందెముల పట్టికను పుస్తకంగా ప్రకటించినాడు. 1773లో జేమ్స్ వెదర్బీ రేసుల పంచాంగం ఆరంభమైనది. 1791లో మేలుజాతి గుర్రాల వంశావళి గ్రంథం తొలి రూపంలో వెలువడినది. దీనితో లాయము ముఖం చూడనివాడు సైతం ఏ గుర్రం ఎక్కడ, ఎప్పుడు, దేనిని ఓడించినదో ఇంట కూర్చుండి చదువుకొనగలిగినాడు. దొరల జ్ఞాపకంలో ఉండిన విషయం అంగడి సరకైనది.

ఆ 1791వ సంవత్సరంలోనే ఆస్కాట్‌లో మరొక మార్పు జరిగినది. ఓట్‌లాండ్స్ పందెంలో పెద్ద సంఖ్యలో గుర్రాలు పరుగెత్తినవి. తరువాతి కాలంలో నాల్గవ జార్జిగా సింహాసనమెక్కిన యువరాజు గుర్రం బారొనెట్ అందులో గెలిచినది. కాని ఆ పందెం చరిత్రలో నిలిచినది విజేత వలన కాదు, దాని పద్ధతి వలన. అది హాండికాప్ పందెం. మేటి గుర్రం మీద ఎక్కువ బరువు, నీరసపు గుర్రం మీద తక్కువ బరువు ఉంచి, అన్నియూ ఒకేసారి గమ్యం చేరునట్లు చేయవలెనన్నది ఆ పద్ధతి ఉద్దేశం.

దీని పరిణామాన్ని కొంత ఆలోచించవలసి ఉన్నది. బరువులు నిర్ణయించే అధికారి స్వయంగా ఒక జోస్యుడు. ప్రతి గుర్రం శక్తిని అంచనా కట్టి, ఆ అంచనాను పౌన్లలోకి మార్చి, ఆ తేడాలను తుడిచివేయుటే అతని పని. అతని అంచనా పూర్తిగా సరియైనదైతే అన్ని గుర్రాలకు గెలుపు అవకాశం సమానం. అప్పుడు తక్కినవారి జోస్యానికి చోటు లేదు. పందెం కాసేవాడు ఈ అధికారి ఎక్కడ పొరపడినాడో కనిపెట్టవలెను. అంటే అతడు గుర్రంతో గాక మరొక మనిషి తీర్పుతో పోటీ పడుతున్నాడన్నమాట.

ఈ విద్యను పరాకాష్ఠకు తెచ్చినవాడు అడ్మిరల్ హెన్రీ రౌస్. నౌకాదళంలో పనిచేసి, పిదప తన జీవితాన్ని గుర్రపు పందెములకు అంకితం చేసిన ఈయన 1855లో అధికారికంగా హాండికాప్ నిర్ణేత అయినాడు. గుర్రం వయస్సును బట్టి, ఋతువును బట్టి, దూరాన్ని బట్టి ఎంత బరువు ఉండవలెనో ఆయన రూపొందించిన పట్టికయే, ఎన్నో సవరణలతో, నేటి పట్టికలకు మూలం. 1851లో యార్క్ మైదానంలో ఫ్లయింగ్ డచ్‌మన్, వోల్టిజర్ అనే రెండు ప్రసిద్ధ గుర్రాల మధ్య ద్వంద్వ పందెం జరిగినది. ఐదేండ్ల గుర్రం నాలుగేండ్ల దాని కంటె ఎనిమిదిన్నర పౌన్లు ఎక్కువ మోయవలెనని రౌస్ తీర్పు చెప్పినాడు. బరువు మోసిన పెద్ద గుర్రమే ఒక నిడివి తేడాతో గెలిచినది. మైళ్ళ పరుగు ఒక్క గుర్రపు నిడివిలో తేలవలెనంటే ఆ అంచనా ఎంత సునిశితమైనదో ఊహించుకొనవచ్చును.

ఈ కాలానికే బుకీ రంగప్రవేశం చేసినాడు. 1790 ప్రాంతంలో న్యూమార్కెట్‌లో హ్యారీ ఆగ్డెన్ అనేవాడు ఒకే పందెంలోని గుర్రాలన్నిటికి వేర్వేరు ధరలు పలికి అందరి వద్దా పణాలు స్వీకరించినాడనీ, అతడే మొదటి బుకీ అనీ చెబుతారు. బుకీకి గుర్రాలతో కంటె లెక్కతో పని ఎక్కువ. ఒక పందెంలో నాలుగు గుర్రాలున్నవనుకొందాము. మొదటిదానికి ఒకటికి ఒకటి, రెండవదానికి ఒకటికి మూడు, మూడవ నాల్గవ వాటికి ఒకటికి నాలుగు చొప్పున లాభం ఇస్తానని బుకీ పలికినాడు. ఏది గెలిచినా నూరు రూపాయలు చేతికి రావలెనంటే మొదటిదాని మీద 50, రెండవదాని మీద 25, తక్కిన రెంటి మీద ఇరవైయేసి రూపాయలు కట్టవలెను. మొత్తం 115. వచ్చేది నూరే. ఆ పదునైదు రూపాయలే బుకీ బ్రతుకుతెరువు. జోస్యం చెప్పేవాడు సగటు కాసేవాని కంటె కొద్దిగా తెలివైనవాడైతే చాలదు. ఈ పదునైదును దాటునంత తెలివైనవాడు కావలెను. అనేకుల వినాశానికి కారణం గుర్రాల విషయంలోని అజ్ఞానం కాదు, ఈ చిన్న కూడిక తెలియకపోవుట.

తంతి వచ్చిన పిదప పందెపు ఫలితాలు, ధరలు గంటలలో దేశమంతట వ్యాపించినవి. 1859లో స్థాపితమైన స్పోర్టింగ్ లైఫ్ వంటి పత్రికలు ప్రతిదినం జోస్యాలు ప్రకటించసాగినవి. మైదానం చుట్టు టిప్పులు అమ్మేవారు బయలుదేరినారు. వారిలో ఇరవయ్యవ శతాబ్దపు ఇంగ్లండుకు సుపరిచితుడు రాస్ ప్రిన్స్ మొనొలూలూ. అసలు పేరు పీటర్ కార్ల్ మకే. కరీబియన్ దీవులలో జన్మించి, అబిసీనియా రాజవంశీకుడనని చెప్పుకొంటూ, తలపై ఈకల కిరీటం ధరించి, తన వద్ద ఒక గుర్రమున్నదని కేకలు వేస్తూ కవరులో మూసిన చీటీలు అమ్మేవాడు. 1920 డెర్బీలో స్పయన్ కోప్ అనే గుర్రం మీద అతడు పెద్ద మొత్తం గెలిచినాడని ప్రసిద్ధి. ఆ ఒక్క విజయం మీద అతని వ్యాపారం 1965లో మరణించేవరకు సాగినది. నిజంగా గెలుపు తెలిసినవాడు దానిని కొద్ది షిల్లింగులకు ఎందుకు అమ్ముకొంటాడని అడిగినవారు లేకపోలేదు. అయినా కొన్నారు. వారు కొన్నది జోస్యాన్ని కాదు, సాయంకాలం వరకు నిలిచే ఒక ఆశను.

టిప్పులో ఒక స్వవిరోధం కూడ ఉన్నది. నలుగురు నమ్మితే ధర పడిపోతుంది. ధర పడినదానిని కొంటే లాభం లేదు. 1996 సెప్టెంబరు 28న ఆస్కాట్‌లో ఫ్రాంకీ డెట్టోరీ అనే జాకీ ఆనాటి ఏడు పందెములూ గెలిచినాడు. చివరి పందెంలో అతడు ఎక్కిన ఫూజియామా క్రెస్ట్ ధర ఆనాటి ఉదయం ఒకటికి పన్నెండు. ఆరు విజయాల పిదప జనం వెల్లువగా దాని మీద కట్టుటతో పందెం మొదలయ్యేసరికి అది ఒకటికి రెండుకు దిగినది. ఉదయానికీ సాయంకాలానికీ నడుమ గుర్రంలో మార్పేమీ లేదు. మారినది మనుషుల నమ్మకం. ఆ గుర్రం గెలిచినది, బుకీలు కోట్లలో నష్టపోయినారు. అట్టి దినం అరుదు కనుకనే దానిని నేటికీ చెప్పుకొంటున్నారు.

ఈ జోస్యాలు ఎవరికి వినోదం, ఎవరికి నేరం అనే విషయాన్ని చట్టం నిర్ణయించినది. 1853లో బ్రిటిష్ పార్లమెంటు నగదు పందెపు ఇండ్లను మూయించినది. 1906లో వీధులలో పణాలు పుచ్చుకొనుటను శిక్షార్హం చేసినది. కాని మైదానంలో కాయుటకు గాని, ఖాతా కలిగిన పెద్దమనిషి ఉత్తరం ద్వారా అప్పు మీద కాయుటకు గాని అడ్డు లేదు. ఆస్కాట్ రాజావరణంలో ప్రభువు వేల పౌన్లు కట్టితే అది క్రీడాభిమానం. లండను సందులో కూలివాడు ఆ గుర్రం మీదనే ఆరు పెన్నీలు కట్టితే అది నేరం. ఈ భేదం 1960 నాటి చట్టంతో గాని తొలగలేదు. 1961 మే 1 నుండి వీధులలో లైసెన్సు గల పందెపు దుకాణాలు తెరచినారు.

నేటి రాయల్ ఆస్కాట్‌లో జోస్యుని ఎదుట నిలిచే చిక్కులు పాతవే, కాని విస్తరించినవి. 1843లో ఆరంభమైన రాయల్ హంట్ కప్ ఒక మైలు తిన్నని బాట మీద జరిగే హాండికాప్. అందులో ముప్పది వరకు గుర్రాలు పరుగెత్తుతాయి. బాట వెడల్పైనది కనుక అవి తరచు రెండు గుంపులుగా చీలి చెరొక అంచును పట్టుకొంటాయి. ఏ అంచున నేల గట్టిగా ఉండునో, ఏ గుంపులో వేగం కుదురునో ముందుగా తెలియదు. గుర్రాన్ని సరిగా ఎన్నుకొన్నవాడు సైతం అది నిలిచిన ద్వారం సంఖ్య వలన ఓడిపోవచ్చును. రెండేండ్ల పిల్ల గుర్రాల పందెములలో పరిశీలించుటకు గతమే స్వల్పం. 2020లో ప్రేక్షకులు లేని మైదానంలో కోవెంట్రీ పందెం గెలిచిన నాండో పరాడో ధర ఒకటికి నూటయాభై. ఆ ఉత్సవ చరిత్రలో అంత పెద్ద ధరకు గెలిచిన గుర్రం అంతకు ముందు లేదు. 2023లో మరొక రెండేండ్ల గుర్రం వేలియంట్ ఫోర్స్ ఆ ధరకే గెలిచినది.

దేశాంతరాల నుండి వచ్చే గుర్రాలది మరొక చిక్కు. 2003లో ఆస్ట్రేలియా గుర్రం చొయిజిర్ మంగళవారం నాడు ఒకటికి ఇరవైయైదు ధరకు కింగ్స్ స్టాండ్ పందెం గెలిచి, శనివారం నాడు మరొక గొప్ప పందెం కూడ గెలిచినది. ఆంగ్ల జోస్యులు దక్షిణార్ధగోళపు పరుగులను తమ కొలతలలోకి మార్చుకొనలేకపోయినారు. ఇందుకు ప్రతిగా, 1807 నుండి జరుగుతున్న గోల్డ్ కప్‌లో యేట్స్ అనే గుర్రం 2006 మొదలు వరుసగా నాలుగేండ్లు గెలిచినది. రెండున్నర మైళ్ళ పరుగులో ఓర్పు ప్రధానం, ఆ ఓర్పు అంతకు ముందే ఋజువైనది. జోస్యం చెల్లే చోట్లు లేకపోలేదు. అయితే అట్టి చోట అందరికీ తెలిసిన విషయమే కనుక ధర కూడ అల్పంగానే ఉంటుంది.

సాధారణంగా ఎక్కువమంది నమ్మిన గుర్రం సుమారు మూడు పందెములకు ఒకటి గెలుస్తుంది. అంటే జనసమూహపు అంచనా గుడ్డిది కాదు. దానిలోని వంకరను 1949లో గ్రిఫిత్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చూపించినాడు. గెలుపు అవకాశం మిక్కిలి తక్కువగా ఉన్న గుర్రాల మీద జనం తగినదానికి మించి కట్టుతారు, అవకాశం ఎక్కువగా ఉన్నవాటి మీద తగినదాని కంటె తక్కువ కట్టుతారు. పదికి వేయి వచ్చునన్న కల వారి కండ్లను కప్పుతుంది. చేతిలో చివరి పది మిగిలినవానికి ఆ కల మరింత దగ్గరగా కనిపిస్తుంది.

భారతదేశానికి ఈ పందెములు ఆంగ్లేయులతో వచ్చినవి. మద్రాసు గిండీలో పద్దెనిమిదవ శతాబ్దంలోనే మైదానం ఏర్పడినది. కలకత్తా టర్ఫ్ క్లబ్బు 1847లో పుట్టినది. హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో రేసులు మౌలాలి నుండి మలక్‌పేటకు తరలినవి. ఆ మైదానాలతో పాటు ఆంగ్లచట్టపు ద్వంద్వనీతి కూడ వచ్చినది. కలకత్తా బడాబజారులో మార్వాడీ వర్తకులు వాన మీద పందెములు కాసేవారు. నిర్ణీత సమయంలో కప్పు మీది తూము నుండి నీరు కారునా కారదా అన్నది ప్రశ్న. మబ్బును, గాలిని, ఋతువును ఎరిగినవారు ధర పలికేవారు. బెంగాల్ ప్రభుత్వం 1897లో చట్టం చేసి ఆ వాన జూదాన్ని అణచినది. ఆ నగరపు మైదానంలో గుర్రాల మీద పణాలు మాత్రం నిరాటంకంగా సాగినవి. మేఘాన్ని చదివినవాడు జూదరి, గుర్రాన్ని చదివినవాడు రసికుడు అయినారు.

స్వతంత్ర భారతంలో ఈ ప్రశ్న న్యాయస్థానాలకు చేరినది. 1957లో చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు గణనీయమైన నైపుణ్యం మీద ఆధారపడే పోటీ జూదం కాదన్నది. 1967లో సికిందరాబాదు క్లబ్బుకు సంబంధించిన వ్యాజ్యంలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని తీర్పు చెప్పినది. తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రపు పందెములను రద్దుచేయుటకు చట్టం చేయగా వివాదం చాలకాలం నడిచినది. 1996 జనవరిలో లక్ష్మణన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, గుర్రపు పందెం నైపుణ్యపు క్రీడ, దాని మీద పణం చట్టరీత్యా జూదం కాదని తేల్చినది. గుర్రానికి శిక్షణతో వచ్చిన వేగం, ఓర్పు, జాకీ నేర్పు ఆ తీర్పుకు ముఖ్యాధారాలు.

ఆ తీర్పులో న్యాయమున్నది, ఒక మెలిక కూడ ఉన్నది. గుర్రం నేర్పు, జాకీ నేర్పు కాదనరానివి. కాని కిటికీ వద్ద డబ్బు కట్టేవాడు పరుగెత్తడు. అతనికి నేర్పు ఉండవచ్చును. దాని అవసరం లేకుండా కట్టవచ్చును కూడ. కట్టినవారిలో ఎందరు బరువులు, నేల, ద్వారం, ధర లెక్కించి కట్టినారు, ఎందరు చీటీని నమ్మి కట్టినారు అని చట్టం విడదీయజాలదు. ఈ ఇబ్బంది ఎరిగే కాబోలు, తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆన్‌లైన్ పణపు ఆటలను నైపుణ్యపు మినహాయింపు లేకుండా నిషేధించినవి. 2025లో పార్లమెంటు సైతం, ఆట నైపుణ్యానిదైనా అదృష్టానిదైనా, డబ్బు పణంగా ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసినది. 1957లో గీచిన గీత ఒక వైపు మాయమవుతుండగా మరొక వైపు మైదానాలలో నిలిచియున్నది.

ఋగ్వేదపు పదవ మండలంలో ఒక జూదరి సూక్తమున్నది. అందులో పాచికల కంటె ఎక్కువ బాధతో కనిపించేది జూదరి ఇల్లు. భార్య అతనిని విడిచినది, బంధువులు ఎరుగమన్నారు, రాత్రివేళ అతడు అప్పుల భయంతో ఇతరుల ఇండ్లకు పోతాడు. ఆ ఇంటి దుఃఖానికి ఆట నైపుణ్యానిదా అదృష్టానిదా అన్న విచారంతో పని లేదు. పందెపు జోస్యాలు చదివే పాఠకుడు గుర్రాలను ప్రేమించవచ్చును, రౌస్ పట్టికలలోని మేధను మెచ్చుకొనవచ్చును, హంట్ కప్ పరుగును కన్నులపండువుగా చూడవచ్చును. కాని కవరు విప్పి చీటీ చదివేముందు ఆ 115కు 100 అనే కూడికను ఒకమారు వేసికొనవలెను. ఋతుపర్ణుని విద్య అబ్బిన పిదప నలుడు మరల పుష్కరునితో ఆడినది ఒకే ఒక్క పణం. రాజ్యం తిరిగి వచ్చినది, ఓడిన తమ్ముని క్షమించి పంపినాడు, పాచికలను పక్కన పెట్టినాడు.